ఉమ్మడి బీరువా: చిన్న ఆఫీసుకు నెట్‌వర్క్ స్టోరేజి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "మీ ఆఫీసులో జరిగింది నలుగురికీ చెప్పండి, ఇంకొకరికి జరక్కుండా ఉంటుంది" అన్నారు. మేము ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళం కాము, లెక్కలు రాసుకునేవాళ్ళం. కాని ఆయన మాటలో న్యాయం ఉంది. ఇవాళ మనలో చాలామందికి చిన్న చిన్న ఆఫీసులున్నాయి. బట్టల కొట్టు వెనక గదిలో రెండు కంప్యూటర్లు, ప్రింటింగు ప్రెస్సులో మూడు, ట్రావెల్స్ ఆఫీసులో నాలుగు, బడి ఆఫీసులో అయిదు. వీటన్నిటిలోని కాగితాలూ ఒకచోట భద్రంగా ఉండాలి, అందరికీ అందాలి. ఆ ఏర్పాటు ఎలా చేసుకోవాలి, అది మొరాయిస్తే ఏం చెయ్యాలి అన్నదే ఇవాళ్టి విషయం.

ముందుగా మా కథ చెబుతాం. మా ఆఫీసులో నలుగురం కూర్చుని వ్యాపారుల లెక్కలు, జీఎస్టీ, ఆదాయపు పన్ను కాగితాలు చూస్తాం. మొదట్లో ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవులో వేసుకుని ఈ కంప్యూటరు నుంచి ఆ కంప్యూటరుకు తిరిగేవాళ్ళం. ఒకే వ్యాపారి బాలెన్సు షీటు నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉండేది. ఒకదాని పేరు 'ఫైనల్', ఇంకోదాని పేరు 'కొత్త ఫైనల్', మరోదాని పేరు 'ఇదే అసలు ఫైనల్'. ఏది అసలో రాసినవాడికే తెలిసేది కాదు.

ఈ బాధ పడలేక రెండు డిస్కుల నెట్‌వర్క్ స్టోరేజి పెట్టె ఒకటి కొన్నాం. అమ్మినాయన, "రెండు డిస్కుల్లోనూ ఒకటే రాసి ఉంటుందండీ, ఒకటి పోయినా రెండోది ఉంటుంది, ఇక మీకు బెంగ లేదు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. సగం నిజం చెప్పాడు. రెండేళ్ళు హాయిగా గడిచింది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం పెట్టె 'కీ, కీ' మని కూయడం మొదలుపెట్టింది. పని ఒత్తిడిలో ఉన్నాం, రిటర్నుల గడువు దగ్గర పడింది. మాలో ఒకరు ఆ కూత ఆపే మార్గం కనిపెట్టి ఆపేశారు. ఫైళ్ళు తెరుచుకుంటూనే ఉన్నాయి గనుక అందరం ఊరుకున్నాం. ముందు భాగంలో నారింజ రంగు దీపం ఒకటి అయిదు నెలలపాటు వెలుగుతూనే ఉంది. అది మొదటి డిస్కు పోయిందని చెబుతున్న దీపం. ఆరో నెలలో రెండోది కూడా పోయింది.

డేటా తిరిగి తీసేవారి దగ్గరికి పంపితే కొన్ని ఫైళ్ళు వచ్చాయి, పేర్లు లేకుండా. వ్యాపారుల లెక్కలు నానా తంటాలు పడి మళ్ళీ రాసుకున్నాం. కాని ఒక అమ్మగారి సంగతి మమ్మల్ని ఇప్పటికీ వదల్లేదు. భర్త పోయిన తర్వాత ఫ్యామిలీ పెన్షను కోసం ఆవిడ తెచ్చిన కాగితాలన్నీ మేమే స్కాను చేసి పెట్టాం. ఆ వానాకాలంలో వాళ్ళింట్లోకి నీళ్ళొచ్చి అసలు కాగితాలు తడిసి ముద్దయ్యాయి. "మీ దగ్గరున్నాయి గదా బాబూ, నాకు భయం లేదు" అంటూ వచ్చింది. మేము తల దించుకుని లేవని చెప్పాల్సి వచ్చింది. నకళ్ళ కోసం ఆవిడతో పాటు మూడు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాం. చివరికి పని అయింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఒకరి కాగితం మన డిస్కులో ఉన్నదంటే అది మనకు అప్పగించిన అమానతు. ఆ ఎరుకతోనే ఈ నాలుగు మాటలు చెబుతున్నాం.

ఇంతకూ ఈ పెట్టె ఏమిటి? ఉమ్మడి బీరువా అనుకోండి. లోపల ఒక చిన్న కంప్యూటరు, దానికి రెండో నాలుగో హార్డు డిస్కులు. మానిటరు ఉండదు, కీబోర్డు ఉండదు. ఒక తీగతో స్విచ్చికో రూటరుకో తగిలిస్తే ఆఫీసులో అందరికీ ఒక డ్రైవుగా కనబడుతుంది. విండోస్ కంప్యూటర్లు ఇలాంటి పెట్టెతో మాట్లాడే భాషను ఎస్ఎంబీ అంటారు. ఈ పెట్టెల్లో ఎక్కువగా నడిచేది లైనక్సు. దానికి ఆ భాష నేర్పిన సాఫ్టువేరు సాంబా. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల మొదట్లో విద్యార్థిగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన పని అది. సినాలజీ, క్యూనాప్ వంటి కంపెనీలు తయారు పెట్టెలు అమ్ముతాయి. చేతనైనవారు పాత కంప్యూటరు మీద ట్రూనాస్, ఓపెన్‌మీడియావాల్ట్ వంటి ఉచిత సాఫ్టువేరు వేసుకుని సొంతంగానూ చేసుకోవచ్చు. కాని చేసినవాడు ఊళ్ళో లేనప్పుడు చెడితే బాగుచేసే మనిషి ఎవరో ముందే చూసుకోవాలి.

కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎంతమంది వాడతారు? ఇప్పుడు ఎంత సామాను ఉంది? ఒక రోజు అది లేకపోతే ఎంత నష్టం? ఒకరిద్దరే ఉండి, కాగితాలు తక్కువైతే ఈ పెట్టె అక్కరే లేదు. ఇంటర్నెట్టు మీది క్లౌడ్ స్టోరేజి, ఒక బయటి డిస్కు చాలు. ముగ్గురు నలుగురు దాటి, స్కానులు, ఫోటోలు, డిజైను ఫైళ్ళు పెరిగితే పెట్టె లాభం. ఇప్పుడున్న సామానుకు మూడింతలు పట్టేలా కొనడం మా పద్ధతి.

ఇక డిస్కుల లెక్క. ఒకటి పోతే ఇంకోటి ఆదుకునేలా డిస్కులను జతచేసే పద్ధతిని రెయిడ్ అంటారు. 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు రాసిన పరిశోధన పత్రంతో ఈ పేరు స్థిరపడింది. ఖరీదైన ఒక పెద్ద డిస్కు బదులు చవక డిస్కులు కొన్ని కలిపి వాడవచ్చునన్నది వారి వాదన. మనకు కావలసినంత వరకు చెప్పుకుందాం. రెయిడ్ 1 అంటే రెండు డిస్కుల్లో ఒకటే రాత. 4 టెరాబైట్లవి రెండు పెడితే దక్కేది 4 టెరాబైట్లు. విండోసు దాన్ని 3.6 అని చూపిస్తుంది. మోసపోయామనుకోకండి. కంపెనీ వేలల్లో లెక్కపెడుతుంది, విండోసు 1024లలో లెక్కపెడుతుంది. రెయిడ్ 5కు కనీసం మూడు డిస్కులు కావాలి. 4 టెరాబైట్లవి నాలుగు పెడితే 12 దక్కుతాయి, ఏ ఒక్కటి పోయినా నడుస్తుంది. రెయిడ్ 6లో రెండు పోయినా నిలుస్తుంది. రెయిడ్ 0 మాత్రం వద్దు. అందులో ఒక డిస్కు పోతే మొత్తం పోయినట్టే. చిన్న ఆఫీసుకు రెండు డిస్కుల రెయిడ్ 1 సుఖం. అర్థం చేసుకోవడమూ సులువే, బాగుచెయ్యడమూ సులువే.

డిస్కు కొనేటప్పుడు ఒక మాట తప్పకుండా అడగండి: ఇది సీఎంఆరా, ఎస్ఎంఆరా? ఎస్ఎంఆర్ డిస్కులో రాత వరసలు బంగాళా పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కి ఉంటాయి. చోటు కలిసొస్తుంది. కాని మధ్య పెంకు మార్చాలంటే పక్కవి కూడా కదిలించాలి గదా! అలాగే పాత రాత మార్చవలసి వచ్చినప్పుడల్లా పక్క వరసలు కూడా తిరగరాయాలి. పోయిన డిస్కు స్థానంలో ఇలాంటిది పెడితే తిరిగి నింపడం ఎంతకీ తెమలదు, ఒక్కోసారి మధ్యలో విఫలమవుతుంది. నాస్ కోసమని అమ్మిన డిస్కుల్లో కొన్ని ఎస్ఎంఆర్‌వని 2020లో బయటపడి పెద్ద గొడవే అయింది. అందువల్ల పైనున్న పేరు చూసి తృప్తిపడక, మోడల్ నంబరుతో కంపెనీ జాబితాలో చూసుకోవాలి. ఇంకో సంగతి. రెండు డిస్కులూ ఒకే రోజు, ఒకే డబ్బాలోవి కొనకండి. ఒకే వయసువి, ఒకే తయారీవి అయితే దగ్గర దగ్గరగా పోయే ప్రమాదం ఉంది.

తీగ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని సగం రోగాలు అక్కడే ఉంటాయి. గిగాబిట్ నెట్‌వర్కులో సెకనుకు నూటపది మెగాబైట్ల దాకా నడుస్తుంది. దీనికి తీగలోని ఎనిమిది పోగులూ బాగుండాలి. వాటిలో ఒకటి తెగితే, పాత 100 మెగాబిట్ పద్ధతికి నాలుగు పోగులే చాలు గనుక చాలాసార్లు పరికరం ఆ వేగానికి దిగిపోతుంది. పని ఆగదు. కాని నూటపది రావలసిన చోట పదకొండు పన్నెండే వస్తుంది. అందరూ పెట్టెను తిడతారు. కుర్చీ చక్రం కింద నలిగిన తీగను ఎవరూ చూడరు. పెట్టెను మాత్రం వైఫై మీద కాక తీగతోనే తగిలించండి. లెక్కల సాఫ్టువేరు డేటా దానిమీదుంటే ఆ కంప్యూటర్లు కూడా తీగతోనే ఉండాలి. రాస్తుండగా వైఫై తెగితే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది.

కరెంటు విషయం మన ఊళ్ళవాళ్ళకు వేరే చెప్పాలా? పెట్టెకు యూపీఎస్ తప్పనిసరి. యూఎస్‌బీ తీగ ఉన్న యూపీఎస్ అయితే, కరెంటు పోయి బ్యాటరీ అడుగంటుతున్నప్పుడు పెట్టెకు కబురందుతుంది. పెట్టె తనంతట తాను సర్దుకుని ఆగిపోతుంది. మీ పెట్టెకు ఏ యూపీఎస్ పొసుగుతుందో కంపెనీ జాబితాలో చూసి కొనండి.

ఇక పెట్టెను అమర్చిన రోజునే చెయ్యవలసిన పనులు. ప్రతి మనిషికీ వేరే పేరు, వేరే పాస్‌వర్డు ఇవ్వండి. అందరూ 'అడ్మిన్' అయితే ఎవరు ఏం చెరిపారో తెలియదు. జీతాల ఫోల్డరు అందరికీ తెరవకండి. చెరిపినవి కొన్నాళ్ళు నిలిచే రీసైకిల్ బిన్ పెట్టండి. స్నాప్‌షాట్ సౌకర్యం ఉంటే వాడండి. అది ఫోల్డరు ఫలానా గంటకు ఎలా ఉందో గుర్తుంచుకుంటుంది. ఒకరు పొరపాటున ఫైలు చెడగొడితే పొద్దుటి రూపం తిరిగొస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆపద వస్తే పెట్టె మీకు ఈమెయిలు పంపేలా పెట్టి, ఒకసారి పరీక్ష మెయిలు పంపి చూసుకోండి. మేము ఆ ఒక్క పని చేసి ఉంటే ఇవాళ ఇక్కడ నిలబడి ఈ కథ చెప్పే అవసరం వచ్చేది కాదు.

చెయ్యకూడని పని కూడా ఒకటుంది. ఇంటి నుంచి చూసుకోవడానికి బాగుంటుందని రూటరులో దారి తెరిచి పెట్టెను నేరుగా ఇంటర్నెట్టుకు ఎదురుగా పెట్టకండి. 2021లో క్యూలాకర్, 2022లో డెడ్‌బోల్ట్ అనేవి ఇలా బయటికి కనబడే పెట్టెల్లో చొరబడి, ఫైళ్ళకు తాళం వేసి, డబ్బులడిగాయి. బయటి నుంచి కావాలంటే వీపీఎన్ ద్వారా రావాలి. పెట్టె సాఫ్టువేరును ఎప్పటికప్పుడు కొత్తది చేసుకోవాలి.

ఇప్పుడు మొరాయింపుల సంగతి. "నాస్ రావట్లేదండీ" అని ఫోను రాగానే మేము ఒక వరస పట్టుకుంటాం. ఆ వరస తప్పితే గంటలు వృథా. మొదట, ఒకరికే రావట్లేదా, అందరికీనా? అందరికీ అయితే పెట్టె, స్విచ్చి, కరెంటు చూడాలి. ఒకరికే అయితే ఆ కంప్యూటరు, ఆ తీగ చూడాలి. రెండోది, తీగ దగ్గర దీపం వెలుగుతోందా? మూడోది, పెట్టె అంకెల చిరునామాకు పింగ్ కొడితే జవాబొస్తోందా? నాలుగోది, పేరుతో కాక రెండు వాలుగీతలు పెట్టి ఆ అంకెలే కొడితే, \\192.168.1.50 ఇలా, తెరుచుకుంటోందా? అంకెలతో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే పెట్టెలో దోషం లేదు, పేరు కనుక్కోవడంలోనే దోషం. నెట్‌వర్కు జాబితాలో కనబడకపోయినా కంగారు పడకండి. జాబితా వేరు, పెట్టె వేరు.

నిన్నటిదాకా వచ్చి, కరెంటు పోయి వచ్చాక రాకపోతే, రూటరు పెట్టెకు కొత్త చిరునామా ఇచ్చి ఉంటుంది. ఇల్లు మారిన మనిషికి పాత చిరునామాకు ఉత్తరం రాసినట్టు కంప్యూటర్లు పాత అంకెలకే కబురు పంపుతుంటాయి. రూటరులో ఆ పెట్టెకు ఒక చిరునామా శాశ్వతంగా కేటాయిస్తే ఈ పీడ వదులుతుంది.

పాస్‌వర్డు సరైనదే కొడుతున్నా కాదంటే, విండోసు పాత పాస్‌వర్డును క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచుకుని ఉండవచ్చు. అక్కడ తీసేసి మళ్ళీ ఇవ్వాలి. ఒకే కంప్యూటరు నుంచి ఒకే పెట్టెకు ఇద్దరి పేర్లతో ఒకేసారి వెళ్ళబోతే విండోసు ఒప్పుకోదు. మొదటి బంధం తెంపి రెండోది కలపాలి.

విండోసు కొత్తది అయిన మర్నాడు పెట్టె రాకపోవడం ఈమధ్య ఎక్కువగా చూస్తున్నాం. దీనికి కారణం ఉంది. ఎస్ఎంబీ మొదటి రూపం 1980లనాటిది. 2017 మేలో వన్నాక్రై అనే దొంగ సాఫ్టువేరు దానిలోని లోపం ద్వారానే ప్రపంచమంతా పాకింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని వాత పడినట్టు అప్పటి పత్రికలు రాశాయి. ఆ ఏడాది చివరి నుంచే విండోసు ఆ పాత రూపాన్ని మామూలుగా వెయ్యడం మానేసింది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 విడతలో ప్రో రకం, పాస్‌వర్డు లేకుండా అతిథిగా వెళ్ళే దారిని కూడా మూసింది. సంతకం లేని సంభాషణను ఒప్పుకోనన్నది. చాలామంది విండోసులో ఆ తలుపులు మళ్ళీ తెరిచి పని జరుపుకుంటారు. అది తప్పు. పెట్టె సాఫ్టువేరు కొత్తది చేసి, ఎస్ఎంబీ కొత్త రూపం ఎంచుకుని, అందరికీ పేరు, పాస్‌వర్డు ఇవ్వడమే మందు. పెట్టె మరీ పాతదై కొత్త రూపం రాకపోతే దానికి విశ్రాంతి ఇవ్వవలసిందే.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టుకునేవారికి ప్రత్యేకంగా ఒక సంగతి. ఈ పెట్టెల్లో ఫైలు పేరుకు సాధారణంగా 255 బైట్ల హద్దు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు. 'స్త్రీ' అని రాస్తే మన కంటికి ఒకే అక్షరం. యంత్రానికి అవి ఆరు గుర్తులు, పద్దెనిమిది బైట్లు. కనుక 85 గుర్తులు దాటితే కాపీ కాదు. "విండోసులో ఉన్నది, పెట్టెలోకి పోవట్లేదు" అని ఒక ప్రెస్సు మిత్రుడు రెండు రోజులు తల పట్టుకున్నాడు. ఆహ్వానపత్రిక మొదటి వాక్యమంతా ఫైలు పేరుగా పెట్టాడు! పేరు కుదించగానే పోయింది.

ఇక అన్నిటికన్నా పెద్దది, డిస్కు పోయినప్పుడు ఏం చెయ్యాలి? కూత ఆపవచ్చు, కాని పని ఆపకుండా కూత ఆపకూడదు. మొట్టమొదట, మిగిలిన డిస్కు బాగుండగానే ముఖ్యమైన ఫైళ్ళు బయటి డిస్కుకు కాపీ చెయ్యండి. పోయిన డిస్కు ఏదో పెట్టె తెరలో సీరియల్ నంబరుతో చూసి, దాన్నే తియ్యండి. కంగారులో బాగున్నది లాగినవారున్నారు. కొత్త డిస్కు పాతదానికి సమానమో పెద్దదో కావాలి. పెట్టాక తిరిగి నిండడానికి చాలా గంటలు, పెద్ద డిస్కులైతే రోజు పైనే పడుతుంది. ఆ సమయంలో పనిభారం తగ్గించండి. రెండు డిస్కులూ పోయినట్టు కనిపిస్తే కొత్తగా ఫార్మాటు చెయ్యమంటే 'సరే' అనకండి. ఆపేసి, తెలిసినవాడిని పిలవండి.

చివరగా, మేము ఖర్చుపెట్టి నేర్చుకున్న పాఠం. రెయిడ్ బ్యాకప్పు కాదు. డిస్కు పోతే రెయిడ్ కాపాడుతుంది. కాని మీరే చెరిపితే రెండు డిస్కుల్లోనూ చెరుగుతుంది. దొంగ సాఫ్టువేరు తాళం వేస్తే రెండిటికీ పడుతుంది. నిప్పు, నీరు, దొంగ పెట్టెను మొత్తంగానే తీసుకుపోతాయి. అందుకే 3-2-1 అనే సూత్రం. అమెరికా ఫోటోగ్రాఫరు పీటర్ క్రోగ్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. మా ఆఫీసులో ఇప్పుడు పెట్టె ఒకటి. రెండు బయటి డిస్కులు వారం మార్చి వారం ఇంటికి వెళ్ళొస్తాయి. తగిలించి ఉంచిన డిస్కుకు కూడా తాళం పడవచ్చు గనుక కాపీ కాగానే తీసేస్తాం. అతి ముఖ్యమైనవి క్లౌడులో ఉంటాయి. మూడు నెలలకోసారి ఏదో ఒక ఫోల్డరు బ్యాకప్పు నుంచి నిజంగా తిరిగి తెచ్చి, తెరిచి చూస్తాం. తెరిచి చూడని బ్యాకప్పు ఉన్నదో లేదో ఎవరికి తెలుసు? జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. ఆరేళ్ళ పాటు ఒక డిస్కును నమ్ముకుని కూర్చోవడం వ్యాపారస్థుడు చేసే పని కాదు.

ఇక ముగిస్తాం. రేపు మీ ఆఫీసుకు వెళ్ళగానే మూడు పనులు చెయ్యండి. పెట్టె దీపాల రంగు చూడండి. డిస్కుల ఆరోగ్యం చూపే పేజీ తెరిచి చదవండి. ఒక పాత ఫైలు బ్యాకప్పు నుంచి తెచ్చి చూడండి. పావుగంట పని. సందేహమొస్తే సంకోచం లేకుండా అడగండి, మాకు తెలిసినంత చెబుతాం.

ఆ అమ్మగారు ఇప్పటికీ ప్రతి ఏడాదీ లైఫ్ సర్టిఫికెట్టు పనికి మా ఆఫీసుకే వస్తారు. పోయినసారి పని అయ్యాక, "బాబూ, ఈసారి కాగితాలు ఎక్కడ పెట్టారు?" అని నవ్వుతూ అడిగారు. మూడు చోట్ల పెట్టామని చెప్పాం. ఆవిడ తల ఊపి, "నాలుగోది నా దగ్గర ఉంచుకుంటాను, ఒక నకలు ఇవ్వండి" అన్నారు. ఇచ్చాం.